చెరో సూది

ఇటు పెట్టినా అంతే, అటు తిప్పి పెట్టినా అంతే. నా తోలు మీద పిస్టల్ పిడి వీధివైపు చూస్తోంది. మీ ప్లాస్టిక్ మీద పిడి పెరటివైపు చూస్తోంది. ఈ రెంటినీ కలిపి కుడితే ఏమవుతుందో మీరే చెప్పండి. పిస్టల్ ఒర సంగతి దేవుడెరుగు, దువ్వెన పెట్టుకునే సంచి కూడా అవదు.

బావగారూ, మీతోనే మాట్లాడుతున్నాను, ఆ ఓవెన్‌తో కాదు. దాన్నలా గుడ్లప్పగించి చూడకండి, వేడెక్కాల్సింది సిగ్గుపడి చల్లారిపోతుంది.

పోనీ, అటే తిరిగి కూర్చోండి. మీ వీపు వింటోందని నాకు తెలుసు. ఇప్పుడే చొక్కా కాలరు కదిలింది.

ఇవాళ మధ్యాహ్నం ఆ సెక్యూరిటీ అమ్మాయి వస్తానంది. గుర్తుంది కదా? బ్యాంకు డబ్బు మోసే వ్యాన్‌లో వెనక కూర్చుంటుంది. పొద్దస్తమానం కూర్చునే ఉద్యోగం. కంపెనీవాళ్ళిచ్చిన ఒర నడుములో గుచ్చుకుంటోందని మనల్ని వెతుక్కుంటూ వచ్చింది. ఒంటివైపు మెత్తగా తోలు, బయటివైపు గట్టిగా ప్లాస్టిక్, రెండూ కలిపి కుట్టేవాళ్ళు ఈ చుట్టుపక్కల మనమే కదా. పాపం, కలిపి కుట్టేవాళ్ళే విడివిడిగా కూర్చున్నారని దానికేం తెలుసు.

ఎడంచేతి వాటం మనిషండీ ఆ అమ్మాయి. ఒర ఎడమ నడుము మీద ఉండాలి. అంటే ప్లాస్టిక్ అచ్చు పిస్టల్ ఎడమ ముఖానికి తీయాలి. మీరేమో ఎప్పటిలాగే కుడిచేతిది తీసి, నా బల్ల మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి కూర్చున్నారు. ఎవరికి, ఏ చేతికి అని ఒక్క మాట అడగద్దూ?

ఏమిటా చూపు?

సరే, అర్థమైంది. నేను చెప్పానా అని కదూ?

చెప్పలేదు. చెప్పలేదండీ. మనకి మాటలుంటే కదా చెప్పడానికి. ఇన్నాళ్ళూ మన కబుర్లన్నీ మా అమ్మాయి మోసింది. నాకు కూతురు, మీకు కోడలు, ఇద్దరికీ కలిపి పోస్ట్‌మ్యాన్. "నాన్నా, మామయ్యగారు ఉప్పుకాగితం ఎక్కడ పెట్టారని అడుగుతున్నారు." "మీ మామయ్యగారికి చెప్పమ్మా, ఆయన కుర్చీ కిందే ఉందని." మీరు వింటూనే ఉంటారు, నేను చూస్తూనే ఉంటాను, అది మధ్యలో నిలబడి అటూ ఇటూ తల తిప్పుతుంటుంది.

ఎడంచేతి సంగతి కూడా తోలు కోసే రోజున దానితోనే చెప్పిద్దామనుకున్నాను. సరిగ్గా ఆ రోజే దానికి విసుగెత్తింది. నడుం మీద చేతులేసుకుని, "మీరు మా పెళ్ళి చేశారా, మీరిద్దరూ చేసుకున్నారా? ఇకనుంచి మీ మాటలు మీరే మోసుకోండి" అని చక్కా పోయింది. ఎడంచేతి కబురు నా నోట్లోనే ఉండిపోయింది. నేను ఎడమ తోలు కోశాను, మీరు కుడి అచ్చు తీశారు. మనం ఎడమొహం పెడమొహంగా ఉంటే మన పనీ అలాగే తయారైంది.

అసలు ఆ అమ్మాయి కొలతలిచ్చేటప్పుడు మీరిక్కడుంటే ఏ గొడవా ఉండేది కాదు. మీరు విసురుగా వెనక గదిలోకి వెళ్ళిపోయారు.

ఎందుకు వెళ్ళారంటే, అదేలెండి. నా నోరు.

టీ తాగుతున్నాం. ఆ అమ్మాయి అద్దాల బీరువాలోంచి ఒక ఒర తీసుకుంది. తూటాలు తీసేసిన తన పిస్టల్ అందులో పెట్టి చూసింది. టక్ మంది. మొహం వెలిగిపోయింది దానికి. మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది. టక్. "ఈ చప్పుడు వింటే ఇక జారదని నమ్మకం వస్తోందండీ, ఎవరు చేశారిది?" అంది. మీరు గ్లాసు చాటున ముసిముసిగా నవ్వారు.

ఆ నవ్వు చూసి నేనన్నాను. ప్లాస్టిక్‌దేముందమ్మా, వేడి చేస్తే ఎవడు వంచినా వంగుతుంది, పనంతా తోలులో ఉంది, అన్నాను.

మీరు టీ సగంలో వదిలేసి లేచారు. ఆ అమ్మాయి నా మొహం చూసింది, మీ గ్లాసు చూసింది, గొంతు తగ్గించి "నాది ఎడంచేతి వాటమండీ" అంది. ఇంకేమనాలో తెలీక అని ఉంటుంది పాపం.

అప్పటినుంచీ మీకు ఉలుకూ లేదు, పలుకూ లేదు. నేను మాత్రం తక్కువ తిన్నానా? నేనూ బిగుసుకున్నాను. ఆ కిటికీ సంగతే చూడండి. దుమ్ము పడుతుందని మూయమంటాను నేను, ఓవెన్ సెగకి తెరవమంటారు మీరు. ఇదివరకైతే రోజుకో పోట్లాట, కడుపు నిండిపోయేది. ఇప్పుడు అది సగం తెరిచి ఉంటోంది. నేనూ మూయను, మీరూ తెరవరు. నాకేమీ బాగాలేదండీ ఆ సగం కిటికీ.

దాని సంగతి వదిలేయండి. నిన్న మా ఆవిడ, మీ చెల్లెమ్మ, అన్నం పెడుతూ ఒక మాట అంది. అల్లుడు ఆదివారం వ్యాన్ మాట్లాడాడట. ఓవెన్, ప్రెస్సు రెండూ మీ ఇంటి షెడ్డులోకి తీసుకుపోతారట. మళ్ళీ పాత రోజుల్లోలాగా దుకాణాల బోర్డులకి ప్లాస్టిక్ అక్షరాలు వంచుకుంటారట. నిజమేనా? కాకపోతే తల అడ్డంగా ఊపండి చాలు.

ఊపరు.

సరే. ఆదివారం ఇంకా రాలేదు కదా. ఆ ఓవెన్ ఇప్పటికి ఇక్కడే ఉంది. నా కోసం వద్దు, ఆ అమ్మాయి కోసం లేవండి. కంపెనీవాళ్ళిచ్చిన కుడిచేతి ఒరలోంచి ఇన్నాళ్ళూ మణికట్టు మెలితిప్పి పిస్టల్ తీసేదట. రేపు కొత్త రూటు ఎక్కుతోంది. దాని చేతికి సరిపోయేది ఒక్కటి, మొదటిసారి, మనం ఇవ్వాలి. దానికి మన కోపాలతో ఏం పని?

లేచారా? అదీ మా బావగారంటే.

చేతి తొడుగులు నాకూ ఒక జత ఇవ్వండి. విసరక్కర్లేదు, ఇవ్వచ్చు. సరే, పట్టుకున్నాను.

కొత్త షీటు తీయరా? ఈ తప్పు అచ్చునే మళ్ళీ ఓవెన్లో పెడుతున్నారేమిటి? అది కుడిచేతిది బావగారూ, దాన్ని పెడితే... సరే, మీ పని మీది. నోరు మూసుకుంటాను.

మూసుకోలేదు కదూ. ఏం చేయను? మౌనమంతా మీ వాటాకి తీసేసుకున్నారు, నాకు మాటలే మిగిలాయి.

అరె. ఇటు చూడండి, అద్దంలోంచి. అది చదునైపోతోంది. గొట్టం గీత పోయింది, ట్రిగ్గర్ దగ్గరి గుంట పోయింది, పిడి ఒంపు పోయింది. మళ్ళీ మామూలు అట్టముక్కలా పడుకుంది. మీరు ఎన్నిసార్లు చెప్పారో. అంచులు కోయకముందైతే, బెజ్జాలు వేయకముందైతే, తప్పు అచ్చు తీసినా ఫర్వాలేదు, వేడి తగిలితే తన మొదటి రూపానికి తనే వెళ్ళిపోతుందని. నేను ఊఁ కొట్టానే గానీ ఒక్కనాడైనా తలెత్తి చూశానా. నా తల ఎప్పుడూ తోలులోనే.

తోలుకి ఈ గుణం లేదండీ. ఒక్కసారి ఆరె దిగి బెజ్జం పడిందా, ఇక పూడదు. ఎంత రుద్దినా, ఎంత మైనం మెత్తినా అక్కడ ఉందని తెలుస్తూనే ఉంటుంది. అందుకే నేను ఒకటికి పదిసార్లు కొలిచి గానీ పొడవను. నోటి దగ్గరికొచ్చేసరికి ఆ కొలతే లేకపోయింది.

ఆఁ, తీయండి తీయండి. ప్రెస్సు మూత నేను పట్టుకున్నాను. ఉత్తుత్తి పిస్టల్ ఎడమ ముఖం పైకి పెట్టాను, చూసుకోండి. ఎడమ. మళ్ళీ చెప్తున్నా, ఎడమ. ఈసారి చెప్పలేదని అనకండి. పరిచారా? స్పాంజి సరిగ్గా ఉందా? మూస్తున్నాను. బిగించండి. నా వేలు, నా వేలుందక్కడ, కొంచెం ఆగండి. హమ్మయ్య. బిగించండి.

చూశారా, ఆ ముక్క చల్లబడి గట్టిపడేలోగా నాలుగు చేతులు పడాలి. షెడ్డులోకి పోయాక మూత ఎవరు పడతారండీ? మా చెల్లెమ్మ పడుతుందా? మీ చొక్కాలకంటిన ప్లాస్టిక్ వాసనకే ముక్కు మూసుకుంటుంది ఆవిడ.

ఇక చల్లారాలి. అంతదాకా ప్రెస్సు మీద చెయ్యి వేయనివ్వరు మీరు, నాకు తెలుసు. అయితే ఈలోగా ఒక మాట చెప్తాను. అటే తిరిగి ఉండండి, మొహంలోకి చూస్తే నాకు చెప్పడం రాదు.

ఆ రోజు నాకు కుళ్ళు పుట్టిందండీ.

మరి నా తోలు ఎక్కడుంటుంది? చొక్కా కింద, ప్లాస్టిక్ వెనక. ఎవరికీ కనపడదు. చెమట పీలుస్తుంది, నడుము ఒంపు నేర్చుకుంటుంది, ఎముక దగ్గర ఒరుసుకోకుండా చూస్తుంది. అది బాగుంటే మనిషి దాని గురించి తలుచుకోడు. బాగాలేకపోతేనే తోలు గుర్తొస్తుంది. మీది అలా కాదు. మీది టక్ మంటుంది. ఇంతమంది వచ్చారు, పెట్టి చూసుకున్నారు. టక్ మనగానే అందరూ చిన్నపిల్లల్లా నవ్వి మీవైపు తిరిగారు. ఒక్కరంటే ఒక్కరు వెనక్కి తిప్పి నా కుట్టు చూడలేదు. ఆ అమ్మాయి కూడా ఎవరు చేశారని అడిగేసరికి, అదీ మిమ్మల్ని చూస్తూ అడిగేసరికి, నాకు ఒళ్ళు మండింది. మండితే లేచి మంచినీళ్ళు తాగాలి. నేను నోరు జారాను.

అంతే బావగారూ. వినడానికి సిగ్గుగా ఉంది కదూ? చెప్పడానికి ఇంకా సిగ్గుగా ఉంది.

అసలు మీరు మొదటి టక్ ఎవరికి చేశారో గుర్తుందా? పిల్లల పెళ్ళి మాటలకి మా ఇంటికొచ్చారు. అందరూ ఏవేవో మాట్లాడుకుంటుంటే మీరు మాత్రం నా నడుము వంకే చూస్తూ కూర్చున్నారు. ఈయనకి నా బెల్టు మీద కన్నుపడింది కాబోలు, పెళ్ళికి పెట్టమంటాడేమోనని భయపడ్డాను. మీరు కుర్చీ దగ్గరికి జరుపుకుని, "బావగారూ, మీ తోలు కోసే కత్తి ఒర వదులైపోయింది, వంగితే కత్తి కాలి మీద పడుతుంది" అన్నారు. సంబంధం ఇంకా ఖాయమే కాలేదు, అప్పుడే బావగారినైపోయాను. మర్నాడో, ఆ మర్నాడో ప్లాస్టిక్ తొడుగు చేసి మీరే పట్టుకొచ్చారు. నేను తోలుకి కుట్టాను. కత్తి పెడితే టక్ మంది. మీరు మళ్ళీ పెట్టమన్నారు, నేను పెట్టాను. పెళ్ళి మాటలు పక్కనబెట్టి మనిద్దరం టక్ టక్ మనిపిస్తూ కూర్చుంటే ఆడవాళ్ళు తిట్టారు.

ఇదిగో, ఇప్పటికీ నా నడుముకే ఉంది. ప్లాస్టిక్‌దేముంది అని వాగినప్పుడు కూడా ఇక్కడే ఉంది.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, పరువు ఎలాగూ మిగల్లేదు. మీరు మాట మానేసిన దగ్గర్నుంచీ ఇంట్లో పనీపాటా లేకుండా ఈ కత్తి తీస్తున్నాను, పెడుతున్నాను. టక్. మళ్ళీ తీస్తాను. టక్. మీ చెల్లెమ్మ వంటింట్లోంచి, "అంత బెంగగా ఉంటే వెళ్ళి ఆయనతో మాట్లాడండి, నా చెవులు తూట్లు పొడవకండి" అని కేకలేస్తోంది.

నవ్వుతున్నారా? భుజాలు కదిలాయి.

దగ్గా? సరే, దగ్గే అనుకుందాం.

తెరవండి ఇక. అబ్బ, ఎంత చక్కగా వచ్చిందండీ. ముక్కూ మొహం తీర్చిదిద్దినట్టు. మీరు అంచులు కోసి రుద్దండి, బెజ్జాలు వేయండి. ఆ డ్రిల్లు మోతలో నేనేం మాట్లాడినా మీకు వినపడదు, కాబట్టి నిశ్చింతగా మిమ్మల్ని నాలుగు తిట్టుకుంటాను.

అయిందా? తోలు మీద పెట్టి చూడండి. పిడి వీధివైపు, పిడి వీధివైపు. రెండూ ఒకే దిక్కు చూస్తున్నాయి. బెజ్జానికి బెజ్జం సరిపోయింది. ప్రాణం లేచొచ్చింది నాకు.

ఇక కుట్టే పని. ఇదిగో మీ సూది.

తీసుకోరా? చూడండి, మొన్న ఆ వాచ్‌మన్ ఒర రెండు సూదులూ నేనే పట్టి ఒక్కణ్ణే కుట్టాను. తాగినవాడి నడకలా వచ్చింది కుట్టు. ప్లాస్టిక్ గిన్నెలా ఉబ్బి ఉంటుంది, అవతల సూది ఎక్కడ తేలిందో ఇవతలివాడికి కనపడి చావదు. అందుకే కదా మన పద్ధతి మనం పెట్టుకున్నాం. ఒకే దారం, రెండు కొనలు, చెరో కొనకి చెరో సూది. ఎవరి సూది దూరితే వాళ్ళు ఊఁ అనాలి. ఇద్దరి ఊఁ అయ్యాక ఒక్కసారే లాగాలి. ఊఁ వినకుండా లాగితే ఒకడి సూది ఇంకొకడి దారాన్ని చీలుస్తుంది.

తీసుకున్నారు. సంతోషం. కూర్చోండి, ఎదురుగా. నా మొహం నచ్చకపోతే బెజ్జం చూడండి.

మొదటిది. నాది దూరింది, ఊఁ. మీది?

దూరిందా లేదా? ఊఁ అనకపోతే నేనెలా లాగను?

ఓహో. బల్ల మీద వేలితో కొట్టారు. అదా మీ ఊఁ? ఇంత పట్టుదల మీకెక్కణ్ణుంచి వచ్చిందండీ? సరే, అలాగే కానివ్వండి. ఊఁ. మీ వేలు. లాగుదాం. ఊఁ. మీ వేలు. లాగుదాం. బయటినుంచి ఎవరైనా వింటే ఒకాయన మూలుగుతున్నాడు, ఒకాయన తలుపు కొడుతున్నాడు అనుకుంటారు. కుట్టు మాత్రం గీత గీసినట్టు పోతోంది.

అదిగో, సెక్యూరిటీ అమ్మాయి వచ్చింది. రామ్మా, రా. ఆ స్టూలు లాక్కో. ఇంకొన్ని కుట్లే. ఊఁ. లాగండి బావగారూ. ఈలోగా ఒక మాట వినమ్మా. ఆ రోజు నీ ముందు వాగాను కాబట్టి నీ ముందే చెప్పాలి. ప్లాస్టిక్ ఎవడు వంచినా వంగుతుందన్నాను కదూ. వంగుతుంది. నేనూ వంచగలను. కానీ టక్ మనదు. ట్రిగ్గర్ దగ్గర వెంట్రుకవాసి లోతెక్కువైతే పిస్టల్ బయటికి రాదు, వెంట్రుకవాసి తక్కువైతే లోపల ఉండదు. ఆ వాసి ఈయన వేళ్ళకి తెలుసు, నాకు తెలీదు. ఎవరు చేశారని అడిగావు కదా ఆ రోజు? ఈయన. మా బావగారు.

ఊఁ. ఏమండీ, మీ వేలు ఆగిపోయింది. కొట్టండి. ఆఁ, లాగుదాం. ముడి వేశాను. క్లిప్పు బిగించండి.

తీసుకోమ్మా. పెట్టుకుని చూడు. పిస్టల్ ఖాళీదే కదా? ఒకసారి తీసి చూపించు. సరే, పెట్టు.

టక్.

అదీ. కూర్చో. లే. ఎడమ చేత్తో తియ్. మెలితిప్పక్కర్లేదు కదా ఇప్పుడు? నవ్వుతోంది చూడండి. మంచిదమ్మా, జాగ్రత్తగా వెళ్ళిరా.

వెళ్ళిపోయింది. చూశారా, వెళ్తూ వెళ్తూ కూడా మీకే దండం పెట్టింది. నా తోలు తిప్పి చూడలేదు. కానీ స్టూలు మీద కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది, ఒక్కసారి కూడా నడుము తడుముకోలేదు. అది నేను చూశాను. పోనీండి, నాకు అది చాలు. చాలదనుకోండి, కానీ చాలనుకుంటాను.

పొద్దు ఇంకా ఉంది, ఇంకొకటి ఎత్తుకుందామా? ఇది ఆ హోటల్ గార్డుది. కుడి చెయ్యి, నేనే అడిగి కనుక్కున్నాను, మీకు ఇప్పుడే చెప్తున్నాను. మీరు అచ్చు తీసిన ముక్క రెడీగానే ఉంది, నా తోలూ ఉంది. దారానికి మైనం పట్టిస్తాను, కూర్చోండి.

ఆ కిటికీ పూర్తిగా తెరిచేయనా? తెరుస్తాను. పడితే పడింది దుమ్ము.

బావగారూ, ఆదివారం ఆ వ్యాన్ తేవద్దని అల్లుడికి నేను చెప్పేయనా?

ఏమన్నారు?

వేలితో కాదు, నోటితో అన్నారు. ఊఁ అన్నారు. నేను విన్నాను, అనలేదని బుకాయించకండి.

ఇంకా కుట్టడం మొదలే పెట్టలేదు కదండీ. నా సూది ఇంకా చేతిలోనే ఉంది, మీ సూది మైనపు ముద్దలోనే గుచ్చి ఉంది.

ఏం లేదు, ఏం లేదు. ఒక్క నిమిషం ఆగండి, కళ్ళజోడు తుడుచుకోవాలి. బెజ్జం కనపడటం లేదు.